2014 వార్షిక నివేదిక: ఓటరు నమోదు పనీ, సెప్టెంబరు ప్రైమరీ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో ఉన్న మన తెలుగు సంఘానికి తీరిక లేకుండా గడిచింది. సంక్రాంతి, ఉగాది, వేసవి పిక్నిక్, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి అన్నీ జరిగాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక మనమూ రెండు సంఘాలైపోతామేమోనని కొందరు టెన్షన్ పడ్డారు. అలా జరగలేదు. బతుకమ్మ పేర్చిన రోజున ఏ జిల్లా వాళ్లు ఎవరో అడిగినవాళ్లే లేరు. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసినప్పుడు వారం తిరక్కుండా విరాళాలు ఇచ్చారు. ఆ లెక్కలన్నీ కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు.

ఈ నివేదికలో ఎక్కువ చోటు ఓటరు నమోదు పనికి ఇస్తున్నాను. ఆ పని మనం మొదలుపెట్టామన్న సంతోషం ఉంది, ఆలస్యంగా మొదలుపెట్టామన్న బాధ అంతకంటే ఎక్కువగా ఉంది.

బర్లింగ్టన్, బిలెరికా, బెడ్‌ఫర్డ్, విల్మింగ్టన్‌లో ఉండే మన కుటుంబాలు మాసచూసెట్స్ ఆరో కాంగ్రెస్ జిల్లా కిందికి వస్తాయి (కాంగ్రెస్ అంటే ఇక్కడి పార్లమెంటు, జిల్లా అంటే నియోజకవర్గం). లెక్సింగ్టన్, చెల్మ్స్‌ఫర్డ్ వాళ్లవి వేరే జిల్లాలు. ఆరో జిల్లాకు 1997 నుంచీ జాన్ టియర్నీ గారే ప్రతినిధి, వరుసగా తొమ్మిదిసార్లు గెలిచారు. ఈసారి సొంత డెమోక్రటిక్ పార్టీలోనే ఆయన మీద సెత్ మోల్టన్ పోటీకి దిగారు. మార్బుల్‌హెడ్‌లో పెరిగి, 2001లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ డిగ్రీ పూర్తిచేసి, మెరీన్స్ అనే సైనిక దళంలో చేరి, ఇరాక్‌కు నాలుగుసార్లు వెళ్లివచ్చిన మనిషి. వయసు 35.

మన ఊళ్లలో టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది, బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ ఆ టికెట్ ఇచ్చేది ఓటర్లు. ప్రైమరీ అంటే అదే. పదేళ్లు, పదిహేనేళ్లుగా ఇక్కడ ఉంటున్న మనలో చాలామంది ఈ సంగతి పట్టించుకోలేదు. నవంబరులోనే అసలు ఎన్నిక అనుకున్నాం. కార్యవర్గం కూడా నమోదు కార్యక్రమాన్ని అక్టోబరుకు పెట్టుకుంది. జూన్ 10న వర్జీనియాలో, ప్రతినిధుల సభలో మెజారిటీ పార్టీ నాయకుడైన ఎరిక్ కాంటర్ అంతటివాడు ప్రైమరీలో ఓడిపోయాడు. ఆ వార్త చూశాక మాకు మెలకువ వచ్చింది. ప్రైమరీ సెప్టెంబరు 9న. ఓటరుగా నమోదు కావడానికి గడువు అంతకు ఇరవై రోజుల ముందు, అంటే ఆగస్టు 20. మనం పిక్నిక్‌లో బల్ల వేసి ఫారాలు పంచింది ఆగస్టు 16న. నాలుగు రోజులే మిగిలాయి.

ఆ బల్ల దగ్గర మళ్లీ మళ్లీ విన్న మాట, "మేం ఏ పార్టీలోనూ లేమండీ, ప్రైమరీ మాకెందుకు?" ఈ రాష్ట్రంలో సగానికి పైగా ఓటర్లు ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లే. అలాంటివాళ్లు ప్రైమరీ రోజున వెళ్లి ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఓటు వేశాక కూడా ఏ పార్టీకీ చెందనివాళ్లుగానే ఉంటారు. ఇది తెలియక ఎన్నో ఏళ్లుగా మన ఓట్లు మురిగిపోయాయి.

మనలో చాలామందికి ఇంకా ఓటు హక్కు లేదు. హెచ్-1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు పొరపాటున కూడా ఫారం నింపకూడదు, ముందుముందు సిటిజన్‌షిప్‌కే ఎసరు వస్తుంది. అందుకే ప్రతి ఒక్కరినీ ముందు "సిటిజనేనా?" అని అడిగాకే కాగితం చేతికిచ్చాం. ఓటున్న వాళ్ల మీద ఈ బాధ్యత రెట్టింపు ఉందని నా నమ్మకం. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ మన పిల్లల తరఫున కూడా వేసే ఓటు అది. 2013 జూన్‌లో ఎగువ సభ సెనేట్ ఆమోదించిన వలస బిల్లును ప్రతినిధుల సభ ఓటింగుకే తీసుకోలేదు. ఆ సభలో ఎవరు కూర్చుంటారన్నది మనకు సంబంధం లేని విషయం ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక పెద్దాయన గురించి రాయాలి. పేరు వద్దన్నారు. మనమంతా సుబేదార్ బాబాయి గారు అని పిలుస్తాం. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం ఆయనది, ఇంటికొక సైనికుడున్న ఊరిగా మిలిటరీ మాధవరమని పేరుపడ్డ ఊరు. 1971 యుద్ధంలో ఉన్నారు. కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడి, సిటిజన్ అయ్యారు. పిక్నిక్ బల్ల దగ్గర మొదటి ఫారం నింపింది ఆయనే.

నిమజ్జనం సెప్టెంబరు 7 ఆదివారం అయింది, మంగళవారం పొద్దున్నే ఆయన్ని నా కార్లో పోలింగుకు తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. ఇక్కడ జాబితా పేర్ల వరసలో ఉండదు, వీధుల వరసలో ఉంటుంది. బల్ల వెనక కూర్చున్న పెద్దావిడ ముందు వీధి పేరు, తర్వాత ఇంటి నంబరు అడిగింది. స్కేలు పెట్టి వరస చూసి పేరు మీద టిక్కు పెట్టి, ఏ పార్టీ బ్యాలెట్ కావాలని అడిగింది. బాబాయి గారు చెప్పి తీసుకున్నారు. కాగితం మొత్తం పై నుంచి కింది దాకా చదివి, నిదానంగా గుండ్రాలు నింపారు. మెషీన్ కాగితాన్ని లోపలికి లాక్కుంది. ఆయన అక్కడే నిలబడి ఎడమ చేతి చూపుడు వేలు ముందుకు చాచారు. ఇక్కడ సిరా పెట్టరని చెప్పాను.

కారెక్కాక ఆయన అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "సర్వీసులో ఉన్నన్నాళ్లూ పోస్టల్ బ్యాలెట్టేనమ్మా. వేళకు చేరిందో లేదో తెలిసేది కాదు. నా ఓటు పెట్టెలో పడటం నేను కళ్లారా చూసింది ఇవాళే."

ఎవరికి వేశారో నేను అడగలేదు. మనది పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంఘం. ఫలానావారికి వెయ్యండని గానీ వద్దని గానీ మనం అనకూడదు, అది చట్టం. సంఘం గ్రూపులో ఒకరిద్దరు అభ్యర్థుల పోస్టర్లు పెడితే తీసేయమన్నాం. నొచ్చుకున్నవాళ్లు దయచేసి అర్థం చేసుకోవాలి. మాట్లాడుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, చాలానే మాట్లాడుకున్నాం. ఇరాక్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానానికి 2002లో వ్యతిరేకంగా ఓటేసినవారు టియర్నీ. ఆ యుద్ధం తప్పని నమ్ముతూనే మళ్లీ మళ్లీ వెళ్లి అందులో పోరాడినవారు మోల్టన్. ఇద్దరిలో ఎవరి అనుభవం సభకు ఎక్కువ అవసరం? సైన్యంలో చేసినంత మాత్రాన ఓటు రాసిచ్చేయకూడదని అందరికంటే గట్టిగా వాదించింది బాబాయి గారే. అవతల, 1970ల మొదట్లో కాంగ్రెస్‌లో పదిమందిలో ఏడుగురికి పైగా మాజీ సైనికులుండేవారు, ఇప్పుడు పదిమందిలో ఇద్దరే ఉన్నారు, యుద్ధానికి పంపేవాళ్లలో యుద్ధం చూసినవాళ్లు కొందరైనా ఉండాలి కదా అని కుర్రవాళ్లు అన్నారు. ఆ సాయంత్రం టీ మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది.

ఫలితం మీకు తెలిసిందే. మోల్టన్‌కు దాదాపు 51 శాతం, టియర్నీకి 40 శాతం. ఈ రాష్ట్రంలో సిట్టింగ్ కాంగ్రెస్ సభ్యుడు ప్రైమరీలో ఓడిపోవడం 1992 తర్వాత ఇదే మొదలు. ఆ ప్రైమరీలో మన జిల్లాలో పడ్డ ఓట్లు సుమారు 72 వేలు. నవంబరు 4న మోల్టన్ రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ టిసేని 55 శాతానికి 41 శాతంతో ఓడించినప్పుడు పడ్డవి రెండున్నర లక్షలకు పైగా. పద్దెనిమిదేళ్లుగా ఉన్న సభ్యుణ్ణి ఉంచాలా మార్చాలా అన్నది, టిసే ముందు ఎవరిని నిలబెట్టాలన్నది, ఆ 72 వేలమందే తేల్చేశారు. సెప్టెంబరులో ఇంట్లో ఉండిపోయిన మనవాళ్లకు నవంబరులో దొరికింది ఆ 72 వేలమంది వదిలిన ప్రశ్న మాత్రమే. ఆగస్టు 20 తర్వాత ఫారం అడిగినవాళ్లకు "ప్రైమరీకి కుదరదండీ" అని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు సిగ్గేసింది. తప్పు వాళ్లది కాదు, మాది.

అక్టోబరులో ఒక వార్త వచ్చింది. మోల్టన్‌కు సాహసానికి ఇచ్చిన రెండు పతకాలున్నాయని, ఆ సంగతి ఆయన ప్రచారంలో వాడుకోవడం మాట అటుంచి కన్నవాళ్లకే చెప్పలేదని బోస్టన్ గ్లోబ్ రాసింది. బాబాయి గారు ఆ పేపర్ రెండుసార్లు చదివి మడిచి పెట్టుకున్నారు. తన పతకాలు మాధవరంలో ట్రంకుపెట్టెలో అడుగున ఉన్నాయని ఆ రోజే మొదటిసారి చెప్పారు. వాటిని ఆయన మనవరాలు కూడా ఇంతవరకూ చూడలేదట.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెడుతున్న ప్రతిపాదన ఇది. నమోదు బల్ల ఇకమీదట ఉగాది నాడే వేద్దాం, ప్రతి పండక్కీ వేద్దాం. 2015లో కాంగ్రెస్ ఎన్నికలు లేకపోయినా వసంతంలో టౌన్ ఎన్నికలున్నాయి. మన పిల్లల స్కూళ్ల సంగతి చూసే కమిటీని ఎన్నుకునేది అప్పుడే. 2016 మార్చిలో అధ్యక్ష ఎన్నికల ప్రైమరీ, సెప్టెంబరులో మళ్లీ కాంగ్రెస్ ప్రైమరీ వస్తాయి. పెద్దవాళ్లను పోలింగుకు తీసుకెళ్లడానికి కార్లున్న వలంటీర్లు కావాలి, పేర్లు సమావేశంలో ఇవ్వండి. సిటిజన్‌షిప్ దరఖాస్తుకు అర్హత వచ్చి కూడా 2014లో 680 డాలర్లున్న ఫీజు చూసి వెనకాడుతున్న పెద్దవాళ్లు కొందరున్నారు. వాళ్లకు సంఘం చేయూతనివ్వాలా అన్నది ఆ రోజే చర్చిద్దాం.

ఒక్క విషయం మాత్రం సమావేశం దాకా ఆగదు. జనవరిలో టౌన్ క్లర్క్ ఆఫీసు నుంచి ప్రతి ఇంటికీ సెన్సస్ కాగితం వస్తుంది. ప్రకటన కాగితమనుకుని పారేయకండి. ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు సరిచూసి, సంతకం పెట్టి వెనక్కి పంపండి. పంపకపోతే మీ పేరు ఇన్‌యాక్టివ్ ఓటర్ల జాబితాలోకి వెళ్తుంది.

ఇట్లు,
కార్యదర్శి