నేలను కాపాడే రైతుకూ ఈ-పంటలో ఒక గడి కావాలి: వ్యవసాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రివర్యులకు, ప్రకాశం జిల్లా రైతు ఒకరు నమస్కరించి వ్రాసుకుంటున్న లేఖ.

అన్నదాత సుఖీభవను 2025 ఆగస్టు 2న మా దర్శి మండలంలోనే ప్రారంభించారు. పీఎం కిసాన్ ఇచ్చే 6,000 రూపాయలకు రాష్ట్రం 14,000 కలిపి ఇచ్చే ఆ సాయానికి పర్యావరణం పేరుతో కొత్త షరతులు పెట్టమని నేను కోరడం లేదు. పెట్టుబడికి వడ్డీకి తెచ్చుకునేవారికి షరతు లేని డబ్బు విలువ తెలుసు. నా విన్నపం మిగతా సాయాల గురించి: నేలను కాపాడే పనికీ కొంత ప్రోత్సాహం అందాలని.

45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోంది, మిగతా ఖర్చును కేంద్రం భరిస్తోంది. బోరుకు కరెంటు ఉచితం. ఈ రెండింటిలోనూ ఎంత ఎక్కువ వాడితే అంత ఎక్కువ సాయం అందుతుంది. పశువుల ఎరువు తోలించుకునే రైతు మాత్రం ట్రాక్టరు బాడుగతో సహా అంతా తానే పెట్టుకోవాలి.

రసాయన ఎరువుల వాడకం గత మూడేళ్ల సగటు కంటే తగ్గితే, మిగిలిన సబ్సిడీలో సగం రాష్ట్రానికి ఇచ్చే పీఎం ప్రణామ్ పథకాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. ఆలోచన మంచిదే. అయితే రైతు దగ్గర కూడా తగ్గించిన బస్తాలనే కొలతగా తీసుకుంటే, పెన్నా డెల్టాలో వరికి అయిదు బస్తాల నుంచి నాలుగుకు దిగినవారికి ప్రోత్సాహం వస్తుంది, కనిగిరి మెట్టలో కందికి మొదటి నుంచీ యూరియా అంతగా వేయనివారికి ఏమీ రాదు. తగ్గించడానికి వారి దగ్గర ఏముంది?

కాబట్టి బస్తాను కాక పొలంలో జరిగిన పనిని కొలవాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ వేసేది అక్టోబరు, నవంబరు నెలల్లో. అంతవరకూ చాలా పొలాలు ఖాళీగా ఎండకూ వానకూ వదిలేసి ఉంటాయి. ఆ నడుమ జనుమో పిల్లిపెసరో చల్లి, పూతకు వచ్చే వేళకు కలియదున్నితే నేలకు మేలని అందరికీ తెలుసు. మరి ఎందుకు చల్లరంటే, ఆ పైరు నేలలోని పదును (తేమ) లాగేస్తే శనగ మొలవదన్న భయం. అది అర్థం లేని భయం కాదు. మాకు ఆ శనగను పండించేది నేలలో దాగిన పదునే. ఇలా నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు విత్తనాన్ని సబ్సిడీపై ఇచ్చినంత మాత్రాన ఈ భయం పోదు. పచ్చిరొట్ట వేసిన ఎకరాకు ఇంత అని నగదు, వర్షాలు ముఖం చాటేసి శనగ దెబ్బతింటే పరిహారంలో ముందు వరుస, ఈ రెండూ కలిస్తే పోతుంది.

కౌలు రైతుల సంగతి ఇంకా చిక్కు. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం చెల్లేది పదకొండు నెలలు, అదీ యజమాని సంతకం పెడితేనే. వచ్చే ఏడు ఎవరి చేతికి వెళుతుందో తెలియని చేలో చెరువుమట్టి తోలేవారు ఎవరుంటారు? నేల కోసం ఇచ్చే ప్రోత్సాహం పట్టా చూసి కాక, సాగు చేసినవారిని చూసి ఇవ్వాలి.

ఇందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసుకునే ఈ-పంట నమోదుకు రైతు సేవా కేంద్రం సిబ్బంది ఎలాగూ పొలానికి వస్తున్నారు. పచ్చిరొట్ట, చెరువుమట్టి, పశువుల ఎరువు, పొలంగట్ల మీద చెట్లు అన్న వివరాలకు అందులోనే చోటు కల్పించి, ఫోటో తీసుకుని, కలియదున్నిన తరువాతే డబ్బు వేయవచ్చు. ముందుగా ఒక డెల్టా మండలంలోనూ ఒక మెట్ట మండలంలోనూ అమలు చేసి చూడండి. తొలకరి నాటికి ఉత్తర్వులు వస్తేనే ఈ ఏడు విత్తనం చల్లగలం; ఆగస్టు దాటాక వస్తే శనగ అదునుకు అడ్డమవుతుంది.

ఇట్లు,
దర్శి ప్రాంతపు మెట్ట రైతు