వీసా అక్కర్లేదన్నారు సరే, మిగతావి ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏడాదికి రెండు మూడుసార్లు మీ పేపర్లో ఒక వార్త వస్తుంది. మన పాస్‌పోర్టు ర్యాంకు పెరిగింది, వీసా లేకుండా ఇన్ని దేశాలు చుట్టి రావచ్చు అని, పక్కన ఒక బీచ్ ఫొటో. 2025 జులైలో కూడా వేశారు, పాస్‌పోర్టులకు ర్యాంకులిచ్చే హెన్లీ సంస్థ జాబితాలో 77వ స్థానం, 59 దేశాలు అని. ఆ కటింగ్ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చాలా రోజులు తిరిగింది, కొందరైతే ఆ వారంలోనే బ్యాంకాక్ టికెట్ల ధరలు చూడటం మొదలుపెట్టారు. వెళ్తే తప్పేం లేదు. సూర్యలంక ఇక్కడే ఉండగా అంత దూరం పోయి సముద్రం చూడటమేంటని మా ఆయన అంటారు, అది వేరే సంగతి.

నా అభ్యంతరం ఒక్కటే. వీసా అక్కర్లేదని హెడ్డింగ్ పెద్దక్షరాల్లో వేస్తారు, మిగతా షరతులు కింద చిన్నక్షరాల్లో కూడా వేయరు. చదివినవాళ్లు పాస్‌పోర్టు, టికెట్టు ఉంటే చాలనుకుని శంషాబాద్ దాకా వెళ్లిపోతున్నారు.

అసలు ఆ 59 లెక్కే చూడండి. అక్కడ దిగాక డబ్బులు కట్టి వీసా తీసుకోవాల్సిన దేశాలనీ అందులోనే కలిపేస్తారు. బాలి ఉన్న ఇండోనేషియా అలాంటిదే. 30 రోజుల వీసాకి మనిషికి 5 లక్షల రుపయా, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే. నలుగురున్న కుటుంబానికి పది వేలు దాటుతుంది. అది వీసా లేకపోవడం ఎలా అవుతుందో మీరే చెప్పాలి.

ఇక థాయ్‌లాండ్. 2023 నవంబరులో మనవాళ్లకి వీసా తీసేశారు, 2024 జులైలో ఉండే గడువు 60 రోజులకు పెంచారు, ఈ రెండూ మీరు మొదటి పేజీలో వేశారు. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేసిన సంగతి మాత్రం నాకు పేపర్లో ఎక్కడా కనబడలేదు. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టు నంబరు, ఫ్లైటు నంబరు, హోటల్ అడ్రస్, చేసే పని, గత 14 రోజుల్లో ఏయే దేశాల్లో ఉన్నారు, ఇలాంటివి అడుగుతుంది. దీనికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. మలేషియాకి ఇలాంటిదే ఇంకో కార్డు, అదీ ఉచితమే, అదీ మూడు రోజుల లెక్కే. వీసా కావాల్సిన సింగపూర్‌కి కూడా వీసాతో పాటు ఇలాంటి కార్డు నింపాల్సిందే.

అసలు మోసం ఇక్కడే జరుగుతోంది. ఫోన్లో వెతికితే అన్నిటికంటే పైన కనిపించేది ప్రభుత్వ సైటు కాదు, అచ్చం అలాగే జెండా, ముద్ర పెట్టుకుని కూర్చున్న ఇంకెవరిదో సైటు. మా పై ఫ్లోర్ వదినగారు పాస్‌పోర్టులన్నీ డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని, కళ్లజోడు సరిచేసుకుంటూ ఒక్కొక్కరివీ నింపి, చివర్లో డాలర్లలో డబ్బులు అడిగితే గవర్నమెంటు ఫీజు కాబోలనుకుని కార్డు గీకేశారు. వాళ్ల మనవడు వచ్చి చూసేదాకా అది దండగ ఖర్చని తెలియలేదు. డబ్బు సంగతి అటుంచండి, ఇంటిల్లిపాది పాస్‌పోర్టు వివరాలూ ఎవడి చేతికి పోయాయో. థాయ్‌లాండ్ ప్రభుత్వ సైటు అడ్రస్ చివర జీవో.టీహెచ్ (go.th) అని, మలేషియాది జీవోవీ.ఎంవై (gov.my) అని ఉంటుంది. ఈ ఒక్క లైను మీ వార్త చివర్లో వేసి ఉంటే ఆవిడకి ఆ టెన్షన్ తప్పేది.

ఇంకో మాట. మన కాగితాలు మొదట చూసేది అక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్లు కాదు, ఇక్కడ బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్లో అమ్మాయి. ఏ దేశానికి ఏం కావాలో చెప్పే టిమాటిక్ అనే సమాచార వ్యవస్థని ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ నడుపుతుంది, ఎయిర్‌లైన్ల వాళ్లు అది చూసే సరే అనడం, కాదనడం. కాగితాలు సరిగా లేని మనిషిని ఎక్కించుకెళ్తే వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్ మీదే పడుతుంది, చాలా దేశాల్లో జరిమానా కూడా వేస్తారు. అందుకే అనుమానం వస్తే ఆపేస్తారు. రిటర్న్ టికెట్ ఏదని, హోటల్ బుకింగ్ ఏదని అడిగేది కూడా ఇందుకే. పాస్‌పోర్టుకి ఇంకా ఐదు నెలల గడువుంది కదా అనుకుంటే కుదరదు, మలేషియా, ఇండోనేషియా, సింగపూర్ మూడూ ఆరు నెలలు ఉండాలంటాయి. కౌంటర్ దగ్గర గొడవ పడేవాళ్లని చూస్తే జాలేస్తుంది గానీ, అక్కడ అరిచి లాభం లేదు.

మనవాళ్లకి మరీ ఎక్కువ తలనొప్పి తెచ్చేది సర్‌నేమ్. పాత పాస్‌పోర్టులు ఒకసారి తీసి చూడండి. సర్‌నేమ్ అన్నచోట ఖాళీ, కింద గివెన్ నేమ్ దగ్గర ఇంటిపేరు, అసలు పేరు, చివర కులం తోక, అన్నీ కలిపి ఒకే వరసలో. కొందరికి ఇంటిపేరు కూడా ఉండదు, ఒక్క పేరే. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి సర్‌నేమో గివెన్ నేమో ఖాళీగా ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పేసింది. దుబాయ్‌లో కొడుకు దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మన దగ్గర ఎంతమంది లేరు? వీళ్లు టికెట్ కొనకముందే విజయవాడ పాస్‌పోర్టు ఆఫీసులో రీఇష్యూకి పెట్టుకోవాలి. 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. టికెట్ కొన్నాక తెలిస్తే తత్కాల్ తప్ప గతి లేదు, అదీ ఆధార్‌లో, పాన్‌లో పేరు ఒకేలా ఉంటేనే.

ఆధార్ అంటే గుర్తొచ్చింది. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రలకి బ్రాడీపేట నుంచే బోలెడుమంది వెళ్తారు. నేపాల్‌కి వీసా లేదు, పాస్‌పోర్టూ తప్పనిసరి కాదు, నిజమే. కానీ పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు ఉండాలి. ఆధార్ చూపించి వెళ్లే వీలు 15 ఏళ్ల లోపు పిల్లలకి, 65 దాటిన పెద్దలకి మాత్రమే. అన్నిటికీ ఆధార్ అలవాటైపోయి, ఓటరు కార్డు ఇంట్లో బీరువాలో వదిలేసి బయల్దేరే వాళ్లే ఎక్కువ. భూటాన్‌కి ఆధార్ అసలే పనికిరాదు, పైగా అక్కడ మనవాళ్ల దగ్గర రాత్రికి మనిషికి 1,200 రూపాయలు ఫీజు తీసుకుంటారు. ప్యాకేజీ ధరలో అది కలిసి ఉందో లేదో ఏజెంటుని ముందే అడగాలి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్తారని నాకు నమ్మకం లేదు.

సామాన్ల సంగతి కూడా రాయాలి. కూతురు పురుడికని వెళ్తూ మసాలా పొడులు కట్టుకెళ్లే ఊరు మనది. గసగసాలు యూఏఈలో నిషేధం, సింగపూర్‌లో కూడా. మనకవి మాంసం కూరలో వేసే గింజలు, వాళ్లకి మాదకద్రవ్యాల కిందకొస్తాయి, కేసు పెట్టి లోపలేస్తారు. విడిగా పొట్లం కట్టకపోయినా ఇంట్లో కొట్టిన మసాలాలో కలిసి ఉంటాయి కదా, ఆ ఆలోచనే చాలామందికి రాదు. దుబాయ్‌కి కిళ్లీ కూడా తీసుకెళ్లకూడదు. సింగపూర్‌లో చూయింగ్ గమ్, ఖైనీ, గుట్కా కుదరవు. ఆస్ట్రేలియాకి ఆవకాయ పట్టుకెళ్తే ఫారంలో ఉందని రాసి చూపించాలి, దాచి దొరికితే గట్టి జరిమానా.

ఇవన్నీ ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి, పాత కటింగులతో వచ్చే చిక్కే అది. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో మనవాళ్లకి వీసా తీసేసింది, ఉద్యోగాల పేరు చెప్పి మనుషుల్ని తీసుకెళ్లి కిడ్నాప్ చేసి డబ్బు గుంజుతున్నారని తేలాక 2025 నవంబరు 22 నుంచి ఆ వెసులుబాటు ఆపేశారు. తీసేసినప్పటి వార్తలు మాత్రం గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. టూరిస్టుగా వెళ్లి ఉద్యోగంలో చేరొచ్చని చెప్పే ఏజెంట్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. విశాఖ వైపు కుర్రాళ్లు కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకుని 2024లో ఎలా బయటపడ్డారో మీ పేపర్లోనే చదివాం. థాయ్‌లాండ్‌కి వీసా లేకపోవడం మంచిదే, కానీ అక్కడి నుంచి మయన్మార్ సరిహద్దు దాటించే దళారులకి కూడా అదే సులువైపోయింది.

అందుకని నేను అడిగేది పెద్ద పని కాదు. ఇకమీదట ర్యాంకుల వార్త వేసినప్పుడు బీచ్ ఫొటో కాస్త చిన్నది చేసి, ఆ చోట మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఏడెనిమిది దేశాలకి ఒక బాక్సు వేయండి. వీసా ఉందా, దిగాక డబ్బు కట్టాలా, ఏ కార్డు నింపాలి, ఏ సైటులో, పాస్‌పోర్టుకి ఎన్నాళ్ల గడువుండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ సమాచారం ఏ తేదీన సరిచూశారో కింద వేయండి. దసరా సెలవులకి ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి వేసినా సరిపోతుంది. ఉద్యోగం పేరుతో టూరిస్టుగా పంపేవాళ్ల గురించి జిల్లా పేజీలో విడిగా రాయిస్తే ఇంకా మంచిది, ఆ పేజీ మా వీధి చివర టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు కూడా చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.