'తీరం దాటిన తుపాను' అని రాసి ఊరుకోకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తుపాను వచ్చిన ప్రతిసారీ రెండు మూడు రోజుల హడావుడి తర్వాత మీ మొదటి పేజీలో 'తీరం దాటిన తుపాను' అనే శీర్షిక పడుతుంది. ఒకసారి అది చదివి మా ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. కిటికీలకు అడ్డం పెట్టిన చెక్కలు తీసేశాం, లోపల దాచిన పూలకుండీలను మళ్లీ డాబా ఎక్కించాం. ఆ రాత్రి రెండింటికి నిద్రలో కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్లు. చెప్పులు గదిలో తేలుతున్నాయి.

దాటిందంటే మన చెవికి గండం గట్టెక్కిందనే వినిపిస్తుంది. కానీ తుపాను దాటింది సముద్రాన్ని మాత్రమే. నేలమీదికి వచ్చాక గాలి తగ్గుతుంది, వాన తగ్గాలని లేదు. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ టెక్సస్ తీరం దాటాక అక్కడక్కడే రోజుల తరబడి తచ్చాడింది. ఒకచోట 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. కాబట్టి ఆ శీర్షిక కింద 'వానలు ఇంకా ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ' అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇంతకంటే ప్రమాదకరమైన మాట ఇంకొకటి ఉంది. 'అలలు సాధారణం కంటే రెండు మీటర్ల ఎత్తున ఎగసిపడతాయి' అని రాస్తుంటారు. అల అంటే వచ్చి కొట్టి వెనక్కి పోయేదే కదా అనుకుంటాం. అసలు జరిగేది అది కాదు. గాలి తోసుకొస్తే సముద్రమే లేచి లోపలికి నడిచి వస్తుంది, అలలు దాని పైన అదనం. ఆటుపోట్లలో పోటు సమయం కలిసొస్తే మట్టం ఇంకా పెరుగుతుంది. రెండు మీటర్లంటే మన గుమ్మం పైకమ్మి దాకా. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్‌ను హయాన్ తుపాను తాకే ముందు హెచ్చరికలు వెళ్లాయి. కానీ అందులోని 'స్టార్మ్ సర్జ్' అనే ఇంగ్లిషు మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ లాంటిదని చెప్పి ఉంటే పారిపోయేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. ఆ తుపానుకు ఆరువేల మందికి పైగా చనిపోయారు. మనకు ఆ ఇబ్బంది కూడా లేదు. 'ఉప్పెన' అనే మాట ఉంది, పిల్లలకూ తెలుసు. అదే రాయండి. భయపెట్టినట్టవుతుందేమో అని మొహమాటపడకండి, భయపడాల్సిన చోట భయపెట్టడమే మేలు.

గాలి వేగం సంగతీ అంతే. గంటకు 100 కిలోమీటర్లు, 140 కిలోమీటర్లు అని చదివితే తేడా కొంచెమే అనిపిస్తుంది. గాలి ఒత్తిడి మాత్రం వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది, అంటే రేకు మీద పడే తోపుడు దాదాపు రెట్టింపు. సుడి కన్ను, అంటే తుపాను నడిమధ్య భాగం, మన మీదుగా వెళ్తే కాసేపు చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అయిపోయిందని బయటికొచ్చినవాళ్లకు గాలి ఈసారి ఎదురు దిక్కునుంచి కొడుతుంది.

మ్యాపులో గరాటాలా గీసే ఆకారం కూడా తుపాను పరిమాణం కాదు, దాని కేంద్రం వెళ్లే వీలున్న దారి. గీతకు అవతల ఉన్నామని గుండెమీద చెయ్యేసుకుని పడుకోవడానికి లేదు. హెచ్చరికల రంగుల విషయానికొస్తే, చాలా దేశాల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే ఇప్పుడే కదలమని. మీరేమో రంగు వేసి ఊరుకుంటారు, దాని పక్కన క్రియాపదం ఉండదు!

ఇక సిద్ధం కావడం అంటే మందులు, కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టడం, మూడు రోజులకు సరిపడా తాగునీళ్లు పట్టుకోవడం, ఫోన్ ఛార్జి చేసుకోవడం. ఇవి అందరికీ తెలిసినవే. తెలిసినా చేయం. ఆ రాత్రి నేను టార్చి నొక్కితే వెలగలేదు. మూత తీస్తే బ్యాటరీలు కారి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. నారింజ రంగు పడిన రోజున 'టార్చి వెలుగుతోందా, ఇప్పుడే చూడండి' అని మీరు వేసి ఉంటే చూసేవాడినేమో.

చెప్పిన చోటికి తుపాను రాకపోతే 'అంచనా తప్పింది' అని ఎద్దేవా చేస్తూ రాసే వార్తలు మాత్రం మానేయండి. దారి మళ్లడం తుపాను గుణం. అలా రెండుసార్లు నవ్వితే మూడోసారి ఎవరూ ఇల్లు వదలరు.

నేను కోరేది మొదటి పేజీలో ఒక పెట్టె. ఏం రాబోతోంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఇప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండనివ్వండి. కరెంటు పోయాక కొవ్వొత్తి వెలుగులో చదివేవాళ్లుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు