సైకిళ్ల భద్రత, నమోదు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నీళ్ల ట్యాంకుల శుభ్రత, వీధి దీపాల మరమ్మతు, పండుగల నిర్వహణ ఈ ఏడాదీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు సైకిళ్లకే ఇస్తున్నాం. అందుకు కారణం మన కాలనీలో తోటపని చేసే పెద్దాయన.

వానాకాలంలో ఒక ఉదయం వెనక గేటు దగ్గర నిలిపిన ఆయన సైకిల్ పోయింది. తాళం వేసే ఉంది. అయితే అది వెనక చక్రానికి బిగించి ఉండే పాత రకం తాళం. చక్రాన్ని తిరగనివ్వదు గానీ, సైకిల్‌ను ఎత్తి భుజాన వేసుకుని పోయేవాడికి అడ్డు రాదు. కార్యవర్గం నుంచి ఇద్దరం ఆయన వెంట పోలీసు స్టేషన్‌కు వెళ్లాం. దొరికిన సైకిళ్లు కొన్ని ఆవరణలో గోడకు ఆనించి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద చెయ్యి వేసి, “ఇది నాదే బాబూ” అన్నారాయన. దాని సీటు మారింది, రంగూ మారింది. సైకిల్ చట్రం మీద చెక్కి ఉండే ఫ్రేమ్ నంబరు ఎంతని పోలీసులు అడిగారు. ఆయనకు తెలియదు. వెంట వెళ్లిన మాకూ మా సొంత సైకిళ్ల నంబర్లు తెలియవు. రసీదు లేదు, ఫొటో లేదు. సైకిల్‌ను అక్కడే వదిలి తిరిగి వచ్చాం. ఆ తరవాత చాలా రోజులు ఆయన పనికి నడిచే వచ్చారు.

మోటారు బండికి రవాణా శాఖ నంబరు ఉంది. ఫోను పోతే, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరుతో దాన్ని పనిచేయకుండా ఆపించే ఏర్పాటు 2023 నుంచి దేశమంతటా ఉంది. సైకిల్‌కు మాత్రం అలాంటిదేమీ లేదు. ఒకప్పుడు మునిసిపాలిటీలు, పంచాయతీలు పన్ను కట్టించుకుని సైకిల్‌కు బిళ్ల ఇచ్చేవి. పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. జపాన్‌లో 1994 నుంచి ప్రతి సైకిల్‌కూ నమోదు తప్పనిసరి.

చట్టంలోనూ గమనించవలసిన సంగతి ఒకటుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, పోయిన వస్తువు విలువ రూ.5,000 లోపు ఉండి, దొంగకు అది మొదటి నేరమైతే, సొమ్మో వస్తువో తిరిగి ఇచ్చినప్పుడు సామాజిక సేవే శిక్ష. అలాంటి కేసును మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. కూలికి వెళ్లేవారి పాత సైకిళ్లు దాదాపు అన్నీ ఆ విలువ లోపలివే. కనుక ఖరీదైన గేరు సైకిల్ ఉన్న ఇంటికన్నా వీరికే ముందుజాగ్రత్త ఎక్కువ అవసరమని కార్యవర్గం భావించింది.

అలా మొదలైంది నమోదు పుస్తకం. ఆదివారం ఉదయాల్లో కమ్యూనిటీ హాలు ముందు సైకిళ్లను తలకిందులుగా నిలిపి, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున మట్టి తుడిచి నంబరు చదివాం. కొన్ని పాత సైకిళ్లకు అది సీటు కింది గొట్టం మీద ఉంది. రంగు పూతల కింద అంకెలు కనబడక కిరోసిన్ గుడ్డతో రుద్దవలసి వచ్చింది. పిల్లలు ఈ పనిని మాకన్నా ఓపికగా చేశారు. నంబరు పూర్తిగా అరిగిపోయినచోట సీటు పైకి లాగి, పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గొట్టంలో పెట్టాం. రంగు మార్చినా, సీటు మార్చినా ఆ కాగితం ఉందని దొంగకు తోచదు.

పని మనుషులు, కాపలావారు, పేపర్ వేసే కుర్రాళ్ల సైకిళ్లు మన పుస్తకంలో ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. రోజూ మన గేటు దాటి వచ్చే సైకిల్ మన బాధ్యతేనని కార్యవర్గం నిర్ణయించి వాటినీ రాసింది. ఈ నిర్ణయాన్ని మార్చే ఆలోచన మాకు లేదు.

తాళాల గురించి రెండు మాటలు. సన్నని తీగ తాళాన్ని చిన్న కటరు క్షణాల్లో తెంపేస్తుంది. గట్టి ఉక్కు గొలుసుగానీ యూ ఆకారపు తాళంగానీ కొనండి. ముందు చక్రానికి మాత్రమే తాళం వేస్తే, ఆ చక్రాన్ని వదిలేసి మిగతా సైకిల్‌ను పట్టుకుపోతారు. ఫ్రేమ్‌ను, చక్రాన్ని కలిపి కదలని స్తంభానికి కట్టాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. వెనక గేటు దగ్గర అలాంటి స్తంభమే లేదు. కాంక్రీటులో పాతిన ఇనుప కమ్మీల స్టాండు, దాని మీద ఒక దీపం కావాలి. దీనికి నిధులు మంజూరు చేయాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. గత ఏడాది ఈ ప్రతిపాదనను వాయిదా వేసింది మేమే. పెద్దాయన సైకిల్ పోయింది ఆ చోటే.

నమోదు పుస్తకం కార్యదర్శి దగ్గర ఉంటుంది. అందులోని నంబర్లను వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దని మనవి. ఇంకా నమోదు చేయించనివారు ఆదివారం ఉదయం 8 గంటలకు సైకిల్‌తోపాటు రసీదు ఉంటే తీసుకుని హాలు దగ్గరకు రండి. పెద్దాయన మళ్లీ కొనుక్కున్న సైకిల్ నంబరును ఈ పుస్తకంలో మొదటి వరుసలో రాశాం.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున