నీళ్లున్నాయి, లైటుంది, చేపలేవండీ?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల సంగతి ముందు చెప్పేస్తాను. మార్కులు పిల్లల డైరీల్లో అంటించాం, చూసి సంతకం పెట్టి పంపండి. ఈ నెల ఉత్తరంలో మిగతాదంతా లైబ్రరీ ముందు వరండాలో పెట్టిన చేపల తొట్టె గురించే. జూలైలో దాన్ని పెట్టిన దగ్గర్నుంచి గేటు దగ్గర మీరు నన్ను అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "నీళ్లు పోశారు, లైటు పెట్టారు, బుడగలూ వస్తున్నాయి. మరి చేపలేవండీ?"

కొల్లేరు పక్కన ఉన్నాం. మన బడి పిల్లల ఇళ్లలో చాలావాటికి చెరువులతో ఏదో ఒక సంబంధం ఉంది. చెరువులో సీడ్ (చేపపిల్లల్ని) వదిలే ముందు నీళ్లు తయారు చేసుకోవాలని మీకు నేను చెప్పక్కర్లేదు. తొట్టెకైనా పద్ధతి అదే. ఇంకా చెప్పాలంటే తొట్టెలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎకరాల కొద్దీ నీళ్లలో చిన్న తేడా వస్తే చెరువు తట్టుకుంటుంది, 50 లీటర్లు తట్టుకోవు.

చేప వదిలే వ్యర్థం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కొద్దిగా ఉంటే చేపకు ఇబ్బంది లేదు, మొక్కలకు ఎరువు కూడా. ఈ రెండు రకాల బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే చేపల్ని కూడా తెచ్చి వేసేవాళ్ల ఇంట్లో మొదటి రెండు వారాల్లో అవి ఒక్కొక్కటే ఎందుకు తేలిపోతాయో ఇక్కడే తెలుస్తుంది. షాపువాడు జబ్బు చేప ఇచ్చాడని తిట్టుకుంటాం. చాలాసార్లు లోపం చేపలో ఉండదు.

అందుకే మేం చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత నీళ్లలో వేస్తూ వచ్చాం. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బాక్టీరియాకు అదే తిండి. కొలిచే పని ఆరో తరగతి పిల్లలది. గాజు గొట్టంలో తొట్టె నీళ్లు తీసుకుని, మందు చుక్కలు వేసి, ఊపి, వచ్చిన రంగును కార్డుతో పోల్చి గోడ మీది చార్టులో గుర్తు పెడతారు. మేం కొన్న కిట్‌లో అమ్మోనియా లేకపోతే నీళ్లు పసుపు రంగులో ఉంటాయి, ఉంటే ఆకుపచ్చకి తిరుగుతాయి. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే వంగపండు రంగు. మొదట్లో అంతా పసుపే. తర్వాత ఒకరోజు ఆకుపచ్చ వచ్చింది. అది మళ్లీ పసుపుకి దిగుతుండగా రెండో గొట్టం వంగపండు రంగుకి తిరిగింది. ఇప్పుడు వరసగా పసుపు, నీలమే వస్తున్నాయి. వరండాలోకి వచ్చినప్పుడు తొట్టె కన్నా ముందు ఆ చార్టు చూడండి. నాకైతే చేపల కన్నా అదే ముచ్చటగా ఉంది. అన్నట్టు, చేపలకయ్యే ఖర్చు కన్నా కిట్‌కే ఎక్కువైంది. అయినా కొనక తప్పదు, అమ్మోనియా కంటికి కనబడదు కదా.

తొట్టె 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి బరువు 70 కిలోల దాకా ఉంటుంది. అందుకే బల్ల మీద కాకుండా సిమెంటు దిమ్మె మీద, అడుగున థర్మోకోల్ షీటు వేసి పెట్టాం. ఈశాన్యం మూలేనా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్కడ ఎండ నేరుగా పడదు కాబట్టి పచ్చనాచు అంతగా పట్టదు. ప్లగ్గు దగ్గర్లో ఉంది. దిమ్మె గట్టిది. మేం చూసుకున్నవి ఈ మూడే.

నీళ్లు కుళాయివే. మన దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, పనికిరావు. కుళాయిలో వచ్చేవి కాలువ నీళ్లే అయినా క్లోరిన్ కలిపి వదులుతారు. క్లోరిన్ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది, మనం ఇన్ని వారాలు పెంచిన బాక్టీరియానూ చంపుతుంది. బకెట్‌లో పట్టి మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే పోతుంది. తొందరుంటే అక్వేరియం షాపుల్లో క్లోరిన్ విరిచే మందు దొరుకుతుంది. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి అంతే కొత్త నీళ్లు పోస్తాం. తొట్టె మొత్తం ఖాళీ చేసి సబ్బుతో తోమడం మాత్రం ఎప్పుడూ ఉండదు. ఫిల్టర్ స్పాంజిని కూడా కుళాయి కింద పెట్టకుండా, తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండుతాం.

పేరుపాలెం బీచ్‌లో ఏరిన గవ్వలు, శంఖాలు తొట్టెలో వేద్దామని పిల్లలు సంచులతో తెచ్చారు. వాటిలోని సున్నం మెల్లగా కరిగి పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) పెంచుతుంది. పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషమవుతుంది. ఇది మీకు తెలిసిందే. గవ్వలు ఇప్పుడు లైబ్రరీ అల్మరాలో భద్రంగా ఉన్నాయి.

కరెంటు గురించి. గాలి పంపు, స్పాంజి ఫిల్టర్ రాత్రీ పగలూ ఆడాల్సిందే. శబ్దం వస్తోందనో, కరెంటు ఆదా అనో ఇళ్లలో రాత్రిళ్లు కట్టేస్తుంటారు. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మీరు చూసే ఉంటారు. మొక్కలున్న తొట్టెలోనూ రాత్రిపూట ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోతే పనిచేయడానికి బ్యాటరీ పంపు ఒకటి కొని పెట్టాం. పంపును తొట్టె నీటి మట్టం కన్నా పైన అమర్చాం. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పంపులోకి దిగుతాయి. పిల్లలు తిరిగే చోటు కాబట్టి వైర్లు, ప్లగ్గు చేతికి అందని ఎత్తులో ఉన్నాయి. తొట్టెలో చెయ్యి పెట్టే పని టీచర్లదే, చేతికి పుండో గాయమో ఉంటే వాళ్లూ పెట్టరు.

ఇక చేపలు. వచ్చే సోమవారం ఆరు జీబ్రా డానియోలు వస్తున్నాయి. ఒంటి మీద నీలం చారలుండే ఒకటిన్నర అంగుళం చేప. పరాయి దేశానిది కాదు, మన ఉపఖండపు వాగుల్లో పుట్టిందే. దీని గుడ్డు పారదర్శకంగా ఉండి లోపల పిల్ల ఎదగడం మైక్రోస్కోపులో కనబడుతుంది కాబట్టి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచుతారు, హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనా కేంద్రంలో కూడా. గట్టి ప్రాణం, కొత్త తొట్టెకు సరిగ్గా సరిపోతుంది. గుంపులో ఉంటేనే హుషారుగా తిరుగుతుంది, అందుకే ఆరు. ఎగిరి బయట పడుతుంది కూడా, అందుకే మూత. కవరును నీళ్ల మీద పావుగంట తేలేసి, తొట్టె నీళ్లు కొంచెం కొంచెం అందులో కలిపి, చేపల్ని వలతో తీసి వదులుతాం. కవరులోని షాపు నీళ్లు తొట్టెలో పొయ్యం.

రెండో విడత దసరా సెలవుల తర్వాత, అప్పటికీ గొట్టాలు పసుపు, నీలమే చూపిస్తుంటే: నాలుగు ప్లాటీలు, అన్నీ మగవే. ప్లాటీలు, గప్పీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. ఆడచేప ఒకసారి మగచేపతో కలిస్తే నెలల తరబడి పిల్లల్ని కంటూనే ఉంటుంది. రెండు అడుగుల తొట్టె ఆ సంసారం మొయ్యలేదు.

గోల్డ్ ఫిష్ ఎందుకు వద్దన్నారని చాలామంది పిల్లలు అలిగారు. షాపులో రెండంగుళాలుండే గోల్డ్ ఫిష్ సరిగ్గా పెంచితే జానెడు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. మన తొట్టె దానికి చాలదు. గుండ్రటి గాజు గిన్నె సంగతి చెప్పనే అక్కర్లేదు. పుట్టినరోజు కానుకగా ఆ గిన్నెలు ఇవ్వడం దయచేసి మానుకోండి. నాన్న చెరువులోంచి శీలావతి పిల్లల్ని తెస్తానన్న మూడో తరగతి బాబుకి థాంక్స్ చెప్పాం, కానీ కిలోల్లో పెరిగే చేపను పెట్టుకునే చోటు మన దగ్గర లేదు.

ఒక చేప విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పాలి. అద్దం శుభ్రం చేస్తుందని షాపుల్లో అంటగట్టే సక్కర్ చేప. వేలెడంత పిల్లగా కొంటాం, అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక, చంపడానికి మనసొప్పక ఎవరో కాలువలో వదులుతారు. తర్వాత అది మీ చెరువుల్లో దెయ్యం చేప పేరుతో తేలుతుంది: మేతకు పోటీ, గట్లలో బొరియలు, ముళ్ల రెక్కలకి వలలు చిరగడం. ఆ బాధ నాకన్నా మీకే తెలుసు. మన తొట్టెలోకి అది రాదు. మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే, ఉంచుకోలేకపోతే షాపులో తిరిగి ఇచ్చేయండి. ఏ అక్వేరియం చేపనైనా సరే, మొక్కనైనా సరే, కాలువలోకో కొల్లేరులోకో వదలొద్దు. పాత నీళ్లు కూడా డ్రైన్‌లో పొయ్యకండి, పూలకుండీలకు పొయ్యండి. మొక్కలకు మంచిది.

మేత గురించి మీ సాయం కావాలి. కోనేటి చేపలకు మరమరాలు వేసిన అలవాటు అందరికీ ఉంది, చిన్నపిల్లలకు మరీను. ఇక్కడ మరమరాలు, బిస్కెట్ ముక్కలు, జంతికలు వద్దు. రెండు నిమిషాల్లో తినేసినంతే మేత, రోజుకు ఒక్కసారి. మిగిలితే అమ్మోనియానే. చెరువులకు వాడే మందులు, ప్రోబయోటిక్ ప్యాకెట్లు కూడా అభిమానంగా పంపుతున్నారు. ఎకరాల లెక్కన వేసే మందును 50 లీటర్లకు కొలవడం మాకు టెన్షన్, పంపకండి. పంపాలనుంటే ఒక మనీప్లాంట్ కొమ్మ ఇవ్వండి. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా పెడితే నైట్రేట్ పీల్చుకుంటుంది.

దసరా సెలవుల్లో మేత బాధ్యత మన వాచ్‌మన్‌ది. రోజు విడిచి రోజు వేయడానికి ఏడో తరగతి పిల్లలు కాగితం పొట్లాలు కట్టి, తేదీలు రాసి ఇస్తారు. అవి కాకుండా డబ్బా ఆయన దగ్గర ఉండదు. సెలవుల్లో మీరు బడి వైపు వచ్చి, చేపలు ఆకలిగా చూస్తున్నాయని చెప్పినా ఆయన ఇంకో పొట్లం విప్పడు. దయచేసి ఆయన మీద కోప్పడకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు