నమ్మకంపై పరిశోధన బజారులో జరగాలి

అయ్యా,

పట్టణాల్లో జనం మొబైల్ టెక్నాలజీని ఎంతవరకు నమ్ముతున్నారనే అంశంపై పీహెచ్‌డీ చేసేవారు ప్రశ్నావళిని తోటి విద్యార్థులకే పంపి సరిపెట్టుకోవద్దు. మా కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర తోపుడుబండ్ల వాళ్లను అడగాలి. 2016లో వచ్చిన యూపీఐని వాళ్లూ వాడుతున్నారు. కానీ కొనేవారు ఫోన్‌లో టిక్ మార్కు చూపిస్తే నమ్మరు, సౌండ్‌బాక్స్ పలికితేనే సరుకు చేతికిస్తారు. నకిలీ స్క్రీన్‌షాట్లు నేర్పిన జాగ్రత్త అది. డబ్బులు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టనక్కర్లేదని మాత్రం ఇంకా చాలామందికి తెలీదు, అందులో చదువుకున్నవాళ్లూ ఉన్నారు! ఈ అనుమానం ఎక్కడ పుడుతోందో, ఎక్కడ పుట్టాల్సి ఉండీ పుట్టడం లేదో రాయలసీమ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చాలి. ఈలోగా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930ని రైతుబజారు గేటు దగ్గర పెద్దక్షరాలతో రాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కర్నూలు