ఏ గోపీచంద్?

సంపాదకులకు,

మీ పత్రికలో ఇంటిపేరు లేకుండా ‘గోపీచంద్’ అని అచ్చవుతున్న వార్తల గురించి ఈ లేఖ. ‘అసమర్థుని జీవయాత్ర’ రాసిన త్రిపురనేని గోపీచంద్ (1910–1962), ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత పుల్లెల గోపీచంద్ (జననం 1973) ఇద్దరే అయితే గొడవ లేదు. నటుడు తొట్టెంపూడి గోపీచంద్ కూడా ఉండటంతోనే వచ్చింది చిక్కంతా.

పేర్లు కలిసినప్పుడు ఊరో, ఏడాదో, రంగమో చూసి విడదీస్తాం. ఇక్కడ మూడూ చేతులెత్తేస్తాయి. పుల్లెల పుట్టిన నాగండ్ల ఉమ్మడి ప్రకాశం జిల్లాలోదే, నటుడిదీ ఆ జిల్లాయే. 2001 అని వెతికితే ఫైనల్లో చెన్ హాంగ్‌ను ఓడించిన ఆటగాడూ వస్తాడు, ‘తొలివలపు’తో తెరకెక్కిన హీరో కూడా వస్తాడు. సినిమా గోపీచంద్ అందామా అంటే, రచయిత కూడా ‘లక్ష్మమ్మ’ (1950), ‘పేరంటాలు’ (1951) చిత్రాలకు దర్శకుడు. ఇక ‘టి. గోపీచంద్’ అని రాస్తే రచయితా నటుడూ ఒకరైపోయినట్టే. ఇంగ్లిష్ పొడి అక్షరం మానేసి ‘త్రిపురనేని’ అని పూర్తిగా రాస్తే పోయేదేముంది, నాలుగైదు అక్షరాల చోటేగా!

అలాగని ఇంటిపేరు ఒక్కటే శీర్షికకు ఎక్కిస్తే ఇంకో తంటా. ‘పుల్లెలకు పద్మశ్రీ’ అంటే 2005లో అందుకున్న బ్యాడ్మింటన్ కోచా, 2011లో అందుకున్న సంస్కృత పండితుడు పుల్లెల శ్రీరామచంద్రుడా? ‘త్రిపురనేని’ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది తండ్రి రామస్వామి చౌదరి.

తేదీల దగ్గరా జాగ్రత్త కావాలి. ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1963లో వచ్చింది. రచయిత పోయింది 1962 నవంబర్ 2న. కాబట్టి ‘అందుకున్నారు’ అని రాయకూడదు, ‘మరణానంతరం లభించింది’ అనాలి. పుల్లెల పుట్టినరోజు నవంబర్ 16. ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు ఒకే నెలలో ఇద్దరి ఫొటోలూ తీయాలన్నమాట. ఫైలు పేరు గోపీచంద్1, గోపీచంద్2 అని ఉంటే తప్పు జరగడానికి ఎంతోసేపు పట్టదు. ఇంటిపేరు, పేరు, పుట్టిన ఏడాది వరసలో ‘త్రిపురనేని గోపీచంద్ 1910’ అని పెడితే సరి. గ్రంథాలయాల కేటలాగుల్లో ఒకే పేరున్నవాళ్లను విడదీసేదీ ఎక్కువగా జనన మరణ సంవత్సరాలతోనే.

డిజిటల్ ఆర్కైవ్‌లో మరో తిరకాసుంది. ‘గోపీచంద్‌కు’ అన్నప్పుడు ద్ కింద క వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తుంది. ఒకరు దాంతో, మరొకరు అది లేకుండా టైపు చేస్తే కొన్ని వెతుకుడు యంత్రాలకు అవి రెండు వేర్వేరు మాటలు. ‘గోపి’ అని హ్రస్వంతో రాసేవాళ్లు ఎలాగూ ఉన్నారు. అందుకే ‘గోపీచం’, ‘గోపిచం’ అని సున్న దాకా మాత్రమే కొట్టి రెండుసార్లు వెతకాలి. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కూర్చిన పాత పేజీలైతే యూనికోడ్‌లోకి మార్చేదాకా ఈ చిట్కాకూ దొరకవు.

ఎలాగూ ఫొటోల ఫోల్డర్లు సర్దుతారు కాబట్టి, రచయిత కుమారుడైన నటుడు సాయిచంద్‌నూ, 2023లో మరణించిన తెలంగాణ ఉద్యమ గాయకుడు సాయిచంద్‌నూ అదే పనిలో విడదీయండి.

– ఒక పాఠకుడు, ఒంగోలు